గుత్తి కోట ఎక్కేవాళ్ల తరఫున అధికారులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. అనంతపురం జిల్లా గుత్తి కోట బాధ్యత, దాంతోపాటు తెలుగు నేల మీద మిగతా కొండకోటల బాధ్యత చూస్తున్న వాళ్లందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. తక్కువ సిబ్బందితో, చాలీచాలని నిధులతో నెట్టుకొస్తున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవమే. కానీ మేం మొదట ఒక అర్జీ ఇచ్చాం, తర్వాత ఊళ్లోవాళ్ల సంతకాలు తీసుకుని ఇంకోటి ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిచ్చారు, అంతే. ఏమైందని అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు వెళ్లమంది, అక్కడికి పోతే అది మా పరిధిలోకి రాదన్నారు. ఇన్నాళ్లూ కాగితం మీద మర్యాదగా అడిగిందే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను. భాష కాస్త సూటిగా ఉంటే మన్నించండి.

నేను సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. మా పిల్లల్ని ఏటా కోటకు తీసుకెళ్తాను. తల్లిదండ్రులు పంపించేటప్పుడు "జాగ్రత్త సార్" అని ఒకటికి పదిసార్లు చెప్పి పంపిస్తారు, పిల్లలందరూ కిందికి దిగి బస్సెక్కేదాకా నాకు టెన్షన్ తగ్గదు. చరిత్ర చూపించడానికి తీసుకెళ్లే టీచరుకు చరిత్ర గురించి ఆలోచించే తీరిక లేకుండా తలలు లెక్కపెట్టుకోవడమే సరిపోతోందంటే, ఆ చోటు ఎలా ఉందో మీరే ఊహించండి.

ఆ కోట ఏమిటో ముందు కొంచెం చెప్పాలి. అది తెలిస్తేనే మా డిమాండ్లు ఇవే ఎందుకయ్యాయో అర్థమవుతుంది.

గుత్తి పాత ఊరి చుట్టూ కొండలు వలయంలా నిలబడి ఉంటాయి. వాటిలో పడమటి కొండ మీద పైకోట. మిగతా కొండల్ని కలిపే చిన్న గుట్టల మీదుగా రాతిగోడ పోతుంది, అంటే పాత ఊరు మొత్తం కోట లోపలే ఉందన్నమాట. దండెత్తి వచ్చినవాడు ముందు ఈ గోడ దాటాలి. దాటితే ఊరు దక్కుతుంది గానీ కోట దక్కదు. పైకోట చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయే దారి నిటారుగా, మెలికలు తిరుగుతూ పోతుంది, ఒక ద్వారం దాటితే ఇంకో ద్వారం, పక్కనే బురుజు. ఆ మెలికలు ఊరికే పెట్టినవి కావు. తిన్నగా దారి ఉంటే మందగా పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దొచ్చు, ఏనుగుల్ని ఉసిగొల్పొచ్చు. మలుపు తిప్పితే ఆ ఊపు అక్కడే చచ్చిపోతుంది, పైనున్న సిపాయికి కిందివాడు పక్క నుంచి దొరుకుతాడు. ఎండలో, కవచంతో, ఆయుధాలు మోస్తూ ఆ దారి ఎక్కాలంటే సగం యుద్ధం అక్కడే అయిపోతుంది. కింద నుంచి ఫిరంగి పేల్చి అంత ఎత్తున గోడ పగలగొట్టడం కూడా తేలిక కాదు. అందుకే కొండకోటను కూల్చడం కన్నా చుట్టుముట్టి కూర్చోవడమే చాలాసార్లు పనిచేసింది. కృష్ణదేవరాయలంతటి వాడు ఉదయగిరి ముందు ఏడాదికి పైగా కూర్చోవాల్సి వచ్చింది. గోల్కొండ ముందు ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు పడిగాపులు పడింది, చివరికి లోపలివాళ్లే తలుపు తీస్తే లోపలికి పోగలిగింది.

గుత్తికి చాలా పాత చరిత్ర ఉంది. కొండ మీది బండల మీద కన్నడంలో, సంస్కృతంలో శాసనాలున్నాయి, వాటిలో కొన్ని చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటివి. విజయనగర రాజు బుక్కరాయల పేరున్న శాసనం ఈ కోటను దుర్గాలకే రాజని పొగిడింది. విజయనగరం తర్వాత కుతుబ్‌షాహీలు, మొగలాయిలు వచ్చారు. 18వ శతాబ్దంలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే దీన్ని తన సొంత రాజధాని చేసుకున్నాడు. ఆయన మామూలు సర్దారు కాదు. 1751లో ఆర్కాటు కోటలో ఇంగ్లీషు సేనాని క్లైవు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, మురారిరావు గుర్రపు దండు సాయానికి వస్తోందన్న వార్తే ముట్టడి వేసినవాళ్లను తొందరపెట్టింది. దక్షిణాదిలో ఎవరు ఎవరితో యుద్ధం చేసినా ముందు గుత్తి వైపు చూసేవాళ్లు, ఈయన ఎటు మొగ్గుతాడోనని.

అలాంటి మనిషి 1776లో హైదర్ అలీకి లొంగిపోయాడు. కింది కోట, ఊరు హైదర్ చేతికొచ్చాయి. పైకోట గోడలు మాత్రం నిలబడే ఉన్నాయి. పైకి చేరిన జనానికి నీళ్లు చాలలేదు, అదీ జరిగింది. మురారిరావును పట్టుకుపోయారు, ఆయన కబ్బాళదుర్గంలో ఖైదీగానే చనిపోయాడు. ఆ తర్వాత టిప్పు, 1799లో టిప్పు పోయాక నిజాం, 1800లో నిజాం ఈ ప్రాంతాన్నంతా ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు, అవే మన దత్త మండలాలు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మాట వినని పాళెగాళ్లను ఇదే కోటలో బంధించాడు. 1827 జులైలో ఆయన పత్తికొండలో కలరాతో చనిపోతే తెచ్చి ముందు గుత్తి కొండ కింద శ్మశానంలోనే పూడ్చారు, తర్వాత అస్థికల్ని మద్రాసుకు తీసుకెళ్లారు. మన్రోను రాయలసీమలో దేవుడిలా తలుచుకున్న కుటుంబాలున్నాయి.

చాళుక్యుల నుంచి కంపెనీ దాకా ఇంత చరిత్ర ఒక్క కొండ మీద ఉంది. ఆ కొండ ఎక్కినవాళ్లకు ఇందులో ఒక్క ముక్క కూడా తెలియకుండా కిందికి దిగే పరిస్థితి ఉంది. మేం చూసినవి, మా వాళ్లు పడ్డవి వరసగా చెబుతాను, ప్రతిదాని వెంట ఏం కావాలో కూడా చెబుతాను.

1. దారి. అది కోట కట్టినవాళ్లు శత్రువును ఇబ్బంది పెట్టడానికి వేసిన దారి, కాబట్టి కష్టంగానే ఉంటుంది, ఆ కష్టం గురించి మాకు ఫిర్యాదు లేదు. కానీ మెట్టు రాయి కాలు పెడితే కదులుతుంది, అక్కడక్కడా రాయే లేక మట్టి జారుతుంది, ముళ్లకంప దారి మీదికి వాలి ఉంటుంది. మేం పోయినప్పుడు ఒక పెద్దాయన, వేరే ఊరి నుంచి కుటుంబంతో వచ్చినాయన, మూడొంతులు ఎక్కాక కాలు మడతపడి కూలబడ్డాడు. మడమ అప్పటికప్పుడే వాచిపోయింది, చెప్పు తీయడానికి కూడా రాలేదు. ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. గొర్రెలు తోలుకుంటూ వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు తమ దుప్పటి పరిచి, అందులో ఆయన్ని కూర్చోబెట్టి, నాలుగు కొసలూ మాలో నలుగురం పట్టుకుని ద్వారం ద్వారం దగ్గర దించుతూ కిందికి తెచ్చాం. ఆయన భార్య వెనకాలే చెప్పులు చేతబట్టుకుని ఏడుస్తూ దిగింది. అదే గుండెనొప్పి అయ్యుంటే? ఈ ప్రశ్న మేం అర్జీలో కూడా రాశాం.

కదిలే రాళ్లను పాత పద్ధతిలోనే గట్టిగా కూర్చోబెట్టాలి. ప్రమాదం ఉన్న చోట హెచ్చరిక బోర్డు పెట్టాలి. కింద ఒక స్ట్రెచరు, ప్రథమ చికిత్స పెట్టె, పగలంతా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఎన్నింటికి ఎక్కొచ్చు, ఎన్నింటికల్లా దిగిపోవాలి అన్నది రాసి పెట్టాలి. చీకటి పడ్డాక దారి కనపడక పైనే ఇరుక్కునే కుర్రాళ్ల గురించి ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

2. నీళ్లు, టాయిలెట్. దేశంలో వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో మాది ఒకటి. ఇలాంటి చోట కొండ మీద సైన్యాన్ని నెలల తరబడి ఉంచాలంటే మొదట ఆలోచించాల్సింది నీళ్ల గురించే. బండ మీద పడ్డ ప్రతి చుక్కా ఎటు జారుతుందో చూసి, అక్కడ బండను తొలిచి దొనలు చేశారు, బావులు తవ్వారు. నన్నడిగితే గుత్తి కోటలో అన్నిటికన్నా గొప్ప పనితనం ఆ బావుల్లోనే ఉంది, గోడల కంటే కూడా. కోట నిలబడింది వాటి వల్ల, పడిపోయింది అవి చాలక. అలాంటి వాటిలో ఇప్పుడు ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు, పూడిక. పిల్లలు అంచున నిలబడి లోపలికి రాళ్లేసి చప్పుడు వింటుంటారు, అడ్డంగా ఒక గోడ గానీ కడ్డీ గానీ లేదు, నేను వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతుంటాను.

ఇక కింది సంగతి. కొండ ఎక్కబోయే ముందు తాగడానికి నీళ్లు దొరకవు, టాయిలెట్ లేదు. మా ఆడపిల్లలు కోటకు వెళ్లే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎందుకమ్మా అంటే తల వంచుకుంటారు, చెప్పరు. నీళ్లు తాగకుండా ఆ ఎండలో 300 మీటర్లు ఎక్కితే కళ్లు తిరక్క ఏం చేస్తాయి? ఈ ఒక్క కారణంతో ఇంటి దగ్గరే ఆగిపోయే ఆడపిల్లలున్నారు. టీచరమ్మలు కూడా అంతే, రానంటారు, అప్పుడు పిల్లల్ని చూసుకోవడానికి ఆడమనిషి లేక ప్రయాణమే మానుకోవాల్సి వస్తుంది.

కింద తాగునీళ్లు, ఆడవాళ్లకు వేరుగా టాయిలెట్, దాన్ని శుభ్రం చేయడానికి జీతమిచ్చి ఒక మనిషి. ఇది మా మొదటి డిమాండు అనుకోండి, మిగతావన్నీ దీని తర్వాతే. బావులు, దొనలు పురావస్తు నిపుణుల కళ్ల ముందు పూడిక తీయించండి, పూడికలో ఏం దొరికినా రాసి పెట్టించండి. తర్వాత వానాకాలం వాటిలో నీళ్లు నిలుస్తాయో లేదో చూద్దాం. నిలిస్తే పాతకాలపు సైనిక ఇంజనీర్లు ఏం చేశారో పిల్లలకు పుస్తకంలో బొమ్మ అవసరం లేకుండా చూపించొచ్చు.

3. చెప్పేవాళ్లు. కొండ మీద ధాన్యం కొట్లున్నాయి, మందుగుండు దాచిన గదులున్నాయి, వ్యాయామశాల అని చెప్పే శిథిలం ఉంది. ఏది ఏదో చెప్పే బోర్డు లేకపోతే అన్నీ పాడుబడ్డ గదులే, అన్నిట్లో గబ్బిలాల వాసనే. మందుగుండు గదిని మిగతా కట్టడాలకు ఎందుకు దూరంగా కడతారో, గోడలో బెజ్జం లోపల వెడల్పుగా బయట సన్నగా ఎందుకు ఉంటుందో, ఒక్క నిమిషం చెబితే పిల్లవాడు తనే వెళ్లి ఆ బెజ్జంలో కన్నుపెట్టి చూస్తాడు. అలా చూసిన పిల్లవాడు ఆ గోడ మీద తన పేరు గీకడు. నేను చూసిన అనుభవంతో చెబుతున్నాను.

మురారిరావు కూర్చునేవాడని చెప్పే మండపం సంగతి వేరేగా చెప్పాలి. కొండ అంచున ఉంటుంది, అక్కడ నుంచి ఊరంతా కాళ్ల కింద పరిచినట్టు కనపడుతుంది, చుట్టూ కొండల మీది గోడ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. కోట మొత్తం ఎలా పనిచేసేదో ఒక్క చూపులో తెలిసే చోటు అది. ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని, ఖైదీల్ని ఆ అంచు నుంచి తోయించేవాడని చెప్పుకుంటారు. జనానికి తెలిసింది ఆ కథ ఒక్కటే. అందుకే అంచు దాకా పోయి, లోయ వైపు వీపు పెట్టి సెల్ఫీలు దిగుతారు. సున్నపు నేల నునుపుగా ఉంటుంది, గాలి ఎక్కువ, అడుగు తప్పితే పట్టుకోవడానికి ఏమీ లేదు.

ద్వారాల దగ్గర, బావుల దగ్గర, కొట్ల దగ్గర, మండపం దగ్గర తెలుగులో బోర్డులు పెట్టండి, కన్నడం, ఇంగ్లీషు, హిందీ తర్వాత చేర్చండి. ప్రతి బోర్డు మీద ఆ కట్టడం యుద్ధంలో ఏం పని చేసేదో ఉండాలి, ఊరికే కాలం, రాజు పేరు కాదు. మండపం అంచుకు కాస్త వెనకగా, కట్టడానికి తగలకుండా కడ్డీ పెట్టండి. ఊళ్లో చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్లకు, అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి గుర్తింపు కార్డు ఇవ్వండి. వాళ్ల రుసుము ఎంతో బోర్డు మీద రాయండి. గొర్రెలు కాచే ఆ ఇద్దరికే ఆ కొండ మీద ప్రతి రాయీ తెలుసు. దుప్పటిలో మనిషిని మోసుకుంటూ వస్తూ కూడా ఎక్కడ కాలు పెట్టాలో మాకు వాళ్లే చెప్పారు. అలాంటివాళ్లను గైడ్లుగా పెట్టుకోవడానికి డిగ్రీ అడ్డం రాకూడదు.

4. గీతలు, తవ్వకాలు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఆ మాట నీలం రంగు బోర్డు మీద రాసి పెడితే సరిపోదు. ప్రేమికుల పేర్లు, పార్టీ గుర్తులు, టెన్త్ బ్యాచ్ పేర్లు పెయింటుతో రాస్తున్నారు. రాయలసీమలో పాత గుళ్లలో, కోటల్లో గుప్తనిధుల కోసం రాత్రిళ్లు తవ్వేవాళ్ల సంగతి పేపర్లలో చూస్తూనే ఉంటాం. ఒక గుంట తవ్వితే పోయేది నాలుగు రాళ్లు కాదు, గోడ పునాది. ఇప్పటికే అరిగిపోయి చదవడం కష్టమైన శాసనాల మీద పెయింటు పడితే ఇక అంతే, వాటిని మళ్లీ చెక్కేవాళ్లు ఎవరూ రారు.

రాత్రి కాపలా కావాలి. ఒక్కడినే పెడితే అతను మాత్రం అంత కొండ మీద ఏం చేస్తాడు, జట్టుగా పెట్టండి, టార్చి, కర్ర, ఫోన్ ఇవ్వండి. శాసనాలన్నిటికీ అచ్చులు, ఫొటోలు తీసి, తెలుగులో అర్థం రాసి, అందరికీ ఉచితంగా దొరికేలా పెట్టండి. పెయింటు తుడిచే పని మాత్రం దయచేసి నిపుణులతోనే చేయించండి.

5. కోట పక్క ఇళ్లు. ఇది పర్యాటకులకు పట్టదు, మీరు కూడా ఎక్కువగా మాట్లాడరు, కానీ మా అర్జీ మీద సంతకం పెట్టినవాళ్లలో ఎక్కువమంది ఈ బాధ ఉన్నవాళ్లే. 2010లో చట్టం సవరించాక రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం చేయకూడదు, దాని అవతల ఇంకో 200 మీటర్లలో అనుమతి తీసుకుని చేయాలి. చట్టం మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు. అది లేకపోతే ఎన్నో కట్టడాల మీద ఈపాటికి అపార్ట్‌మెంట్లు లేచేవి. కానీ గుత్తిలో ఊరే కోట లోపల ఉంది. 100 మీటర్లు ఎక్కడ నుంచి కొలవాలి? పైకోట నుంచా, కింది గోడ నుంచా, కొండల మీది గోడ నుంచా? ఇంటి పైకప్పు కారుతున్న ముసలమ్మకు ఈ జవాబు తెలియదు, చెప్పేవాళ్లు లేరు. ఒకరు కట్టుకోమంటారు, ఇంకొకరు వచ్చి ఆపుతారు. తెలిసినవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు ఎలాగో పని కానిచ్చుకుంటారు. లేనివాళ్లు వానాకాలమంతా గిన్నెలు పెట్టుకుని కూర్చుంటారు. చివరికి ఆ ముసలమ్మకు కోటంటేనే కోపం వస్తుంది. కోటకు మొదటి కాపలాదారు ఆమే కావాలి, ఆమెను మనమే దూరం చేసుకుంటున్నాం.

సర్వే చేసి హద్దు రాళ్లు నాటండి. 100 మీటర్ల గీత, దాని అవతలి 200 మీటర్ల గీత ఏ వీధి మీదుగా పోతాయో మ్యాపు వేసి ఊళ్లో అందరికీ కనపడేలా అంటించండి. నిషేధిత పరిధిలో కూడా పాత ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి అనుమతి అడిగే హక్కు చట్టంలోనే ఉంది, ఆ దరఖాస్తు తెలుగులో పెట్టండి, నెలకోసారి ఊళ్లోనే కూర్చుని తీసుకోండి. ఒక్కో సంతకం కోసం రోజు కూలి పోగొట్టుకుని ఊళ్లు తిరిగే పని పెట్టకండి.

6. మరమ్మతు పేరుతో సిమెంటు పూయకండి. ఆ గోడలు నిలబడింది గానుగ సున్నంతో. సిమెంటు రాయి కన్నా గట్టిగా బిగుసుకుని లోపలి తేమను బయటికి పోనివ్వదు, కొన్నేళ్లకు పక్కనున్న పాత రాయే పగులుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే వాళ్ల చేత చేయించండి, వాళ్ల పక్కన ఇద్దరు కుర్రాళ్లను పని నేర్చుకోవడానికి పెట్టండి.

7. ఊరి బతుకు. హైదరాబాద్, బెంగళూరు మధ్య 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి పక్కనుంచే పోతుంది, గుత్తి రైల్వే జంక్షన్ కూడా. ఆ బండ్లలో పోయేవాళ్లు కొండ మీద గోడ చూసి "అదేం కోట?" అనుకుని పోతారు. దిగి వస్తే ఆటోవాళ్లకు, టీకొట్లకు, సోడాబండికి, గైడు పిల్లలకు నాలుగు డబ్బులు వస్తాయి. హైవే మీద ఒక మంచి సూచిక బోర్డు, స్టేషన్లో ఒక బోర్డు. దీనికి పెద్ద ప్రాజెక్టు రిపోర్టులు అక్కర్లేదు.

ఈ జాబితా చూసి మీలో ఎవరైనా రోప్‌వే, రంగు లైట్లు, ఫుడ్‌కోర్టు అని మొదలుపెడతారేమోనని భయంగా ఉంది, అందుకే ముందే చెబుతున్నాను, అవి మేం అడగలేదు. టాయిలెట్ కట్టడానికి లేని డబ్బు రంగు లైట్లకు వస్తే మాకు బాధ కలుగుతుంది. కొండ మీదికి యంత్రాలు ఎక్కించి దారి వెడల్పు చేసే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. ఆ ఇరుకు దారి, ఆ మలుపులు కూడా కోటలో భాగమే, అవి పోతే యుద్ధం కోసం కట్టిన చోటు అని చెప్పడానికి ఇంకేం మిగులుతుంది? ఎక్కలేనివాళ్ల కోసం కింద ఒక గది చూసి, కోట నమూనా, పటాలు, పైనుంచి తీసిన వీడియో పెట్టండి. వయసైనవాళ్లు, నడవలేనివాళ్లు అక్కడ కూర్చుని చూస్తారు.

డబ్బు లేదన్న జవాబు వస్తుందని తెలుసు. 2013లో రాజస్థాన్‌లోని ఆరు కొండకోటలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2025లో మరాఠా సైనిక వ్యవస్థకు చెందిన 12 కోటలకు వచ్చింది. వాటిలో పదకొండు మహారాష్ట్రవి, ఒకటి తమిళనాడులోని జింజి. గుత్తిని ఆ జాబితాలో ఎందుకు చేర్చలేదని నేను అడగడం లేదు, అది వేరే చర్చ. కానీ ఆ రాష్ట్రాల వాళ్లు ఎన్నో ఏళ్లు కూర్చుని ఒక్కో బురుజునూ కొలిచి, ఫొటో తీసి, దాని సైనిక చరిత్రను ఆధారాలతో రాసుకున్నారు. ఆ కాగితాల పని చేయకుండా ఏ గుర్తింపూ రాదు, గుర్తింపు లేకపోతే నిధులు రావు, నిధులు లేవు కాబట్టి పని చేయం అంటే అది ఎప్పటికీ తెమలదు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాల్సింది మీరే. మా బడి పిల్లలు టేపు పట్టుకుని కొలవడానికి సిద్ధంగా ఉన్నారు, మీ నుంచి ఒక నిపుణుడు వచ్చి ఎలా కొలవాలో చూపిస్తే చాలు.

ఇది గుత్తి ఒక్కదాని గోడు కాదు. పెనుకొండ, రాయదుర్గం, ఉదయగిరి, కొండవీడు, భువనగిరి, దేవరకొండ, రాచకొండ, ఈ పేర్లు రాస్తుంటేనే ఒక్కోదాని వెనక ఒక్కో యుద్ధం గుర్తొస్తుంది. కొన్నిటికి పర్యాటకుల తాకిడి ఉంది, కొన్నిటి దగ్గర మనిషి కనపడడు. ఆ ఊళ్లవాళ్లు ఎవరైనా ఈ లేఖ చదివితే పై పాయింట్లలో మీ కోటకు ఏవి వర్తిస్తాయో చూసి మీరూ మీ అధికారులకు రాయండి. రాసిన కాగితం మీద తేదీ, ముద్ర తప్పక వేయించుకోండి.

అధికారులారా, చివరిగా మేం అడిగేది. ఈ లేఖ మీకు చేరిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఎలాగూ అంతలోపే చెప్పాలి కదా, అడిగించుకోకుండానే చెప్పండి. ఆ జవాబులో ఇవి ఉండాలి: ఏ పని ఏ శాఖది, ఎవరి పేరు మీద ఉంది, ఎప్పటిలోగా అవుతుంది, కోట కోసం గత మూడేళ్లలో ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది. అన్ని శాఖలవాళ్లూ కలిసి ఒకరోజు రండి, ఊళ్లోవాళ్లను పిలవండి, అందరం కలిసి కింద నుంచి మండపం దాకా నడుద్దాం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించే అవకాశం ఆ రోజు ఉండదు. వచ్చే ముందు తేదీ చెబితే చాలు, మధ్యాహ్నం ఎండకు ముందే దిగిపోయేలా పొద్దున ఆరింటికి మొదలుపెట్టాలి. తాగడానికి నీళ్లు మాత్రం మీరే వెంట తెచ్చుకోవాలి, అక్కడ దొరకవు.

ఇట్లు,
గుత్తి కోటను పిల్లలకు చూపించే ఒక సాంఘిక శాస్త్రం టీచర్,
అర్జీ మీద సంతకం పెట్టిన ఊరివాళ్ల తరఫున